పోర్చుగల్ కొండల్లో ఇల్లు కొన్న గుంటూరు దంపతులు: ఒక కేస్ స్టడీ

గుంటూరు కొత్తపేటలో ప్రాక్టీసు చేసే ఒక డాక్టరు గారు, ఆయన భార్య కలిసి 2025 ఏప్రిల్ ఆఖర్లో పోర్చుగల్‌లో ఒక చిన్న ఇల్లు కొన్నారు. కోయింబ్రా నగరానికి ముప్ఫై కిలోమీటర్ల లోపు, లోజా కొండల అంచున ఉన్న ఊరది. ఇంటి ధర 90 వేల యూరోలు. పన్నులు, లాయరు ఫీజు, సామాను, మొదటి ఏడాది ఖర్చు అన్నీ కలిపి గుండ్రంగా లక్ష యూరోలు పంపారు. నేను విజయవాడ లబ్బీపేటలో సీఏని. ఇక్కడి పన్నులు, డబ్బు పంపడం నా పని; అక్కడి రిజిస్ట్రేషన్ వ్యవహారం ఒక పోర్చుగీసు లాయరు చూశారు. వాళ్లిద్దరి అనుమతితోనే రాస్తున్నాను, గుర్తుపట్టే వివరాలు మాత్రం మార్చాను.

విదేశాల్లో ఇల్లు అంటూ నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది అడిగేది దుబాయ్ ఫ్లాట్ గురించి. కొండల్లో సైకిల్ తొక్కుకోవడానికి ఇల్లు కావాలని వచ్చింది ఈయన ఒక్కరే. ఏ దేశమైనా డబ్బు బయటికి వెళ్లే దారి ఒకటే కాబట్టి ఈ కేసు మిగతావాళ్లకూ పనికొస్తుంది.

డాక్టరు గారికి సైకిల్ పిచ్చి. ఆదివారం తెల్లవారకముందే కారు వెనక మౌంటెన్ బైక్ కట్టుకుని కొండవీడు వెళ్తారు. ఘాట్ రోడ్డు ఎక్కడం తారు మీద, దిగడం మాత్రం రాళ్ల దారిలో. మేడమ్‌కి సైకిల్ సంగతి అస్సలు పట్టదు. ఆవిడ పుట్టింటివాళ్లకు మిర్చి కోల్డ్ స్టోరేజీ ఉంది, అందులో ఆవిడా పార్టనరే, లెక్కలు చూసేదీ ఆవిడే. ఈ కేసులో పదునైన ప్రశ్నలన్నీ ఆవిడ వేసినవే.

మనకు ఎవరు అమ్ముతారు?

మొదటిసారి వచ్చినప్పుడు డాక్టరు గారి ఫోన్ నిండా న్యూజిలాండ్ ఇళ్లే. ఎప్పుడో అటు వెళ్లినప్పుడు రోటొరువా అడవిలో సైకిల్ తొక్కారట, అప్పటి నుంచీ మనసు అక్కడే ఉంది. "సార్, ఇల్లు చూసేశాం. డబ్బు ఎలా పంపాలో చెప్పండి చాలు" అన్నారు. పంపడం దాకా ఎందుకు, అక్కడ మనవాళ్లకు అమ్మరు. 2018 అక్టోబర్ నుంచి న్యూజిలాండ్ విదేశీయులకు ఇళ్ల అమ్మకం దాదాపుగా ఆపేసింది. ఆస్ట్రేలియా, సింగపూర్ వాళ్లకు మినహాయింపు ఉంది, మనకు లేదు.

తర్వాత కెనడా అన్నారు. అక్కడ 2023 జనవరి 1 నుంచి విదేశీయులు ఇళ్లు కొనకుండా నిషేధం ఉంది, దాన్ని 2027 జనవరి 1 వరకు పొడిగించారు. నిషేధం జనాభా ఉన్న పట్టణ ప్రాంతాలకే కాబట్టి మారుమూల ఊళ్లలో సందు ఉంది గానీ, పేరున్న సైకిల్ కొండల దగ్గర ధరలు ఈయన బడ్జెట్‌కి అందవు. స్విట్జర్లాండ్‌లో సెలవుల ఇంటికి, విదేశీయుల కొనుగోళ్లను కట్టడి చేసే లెక్స్ కోలర్ చట్టం కింద పర్మిషన్ కావాలి. దగ్గర్లో ఉంది కదా అని మేడమ్ నేపాల్ పేరెత్తారు. విదేశీయుల పేరు మీద అక్కడ భూమి రిజిస్టర్ కాదు. ఫ్రాన్స్‌లో ఎవరైనా కొనుక్కోవచ్చు. 2022లో మౌంటెన్ బైక్ ప్రపంచ చాంపియన్‌షిప్ జరిగిన లే జే, దాని పక్కనే ఉన్న మోర్జీన్ ఈయనకు కంఠతా వచ్చు. కానీ అవి చలికాలం స్కీయింగ్ ఊళ్లు. ధర స్కీయింగ్ చేసేవాళ్లు కట్టేది, సైకిల్ వాడు కట్టగలిగేది కాదు.

పోర్చుగల్ మిగిలింది. అక్కడ విదేశీయులకు అడ్డంకి లేదు, లోపలి జిల్లాల్లో ఊళ్లు ఖాళీ అవుతున్నందువల్ల ధరలు తక్కువ. లోజా కొండలు 1,200 మీటర్ల పైదాకా వెళ్తాయి, 2020లో మౌంటెన్ బైక్ డౌన్‌హిల్ ప్రపంచ కప్ పోటీలు అక్కడ జరిగాయి.

ఇల్లు కొంటే వీసా వస్తుందా అని అందరూ అడుగుతారు. రాదు. ఇల్లు కొన్నవాళ్లకు గోల్డెన్ వీసా, అంటే పెట్టుబడి పెట్టినందుకు నివాస అనుమతి, ఇచ్చే పద్ధతిని పోర్చుగల్ 2023 అక్టోబర్‌లో ఎత్తేసింది. ఇల్లు మీదే అయినా షెంగెన్ వీసా (చాలా యూరప్ దేశాలకు ఉమ్మడిగా చెల్లే స్వల్పకాలిక వీసా) తీసుకోవాలి, 180 రోజుల్లో 90 రోజులకు మించి ఉండకూడదు. డాక్టరు గారు క్లినిక్ వదిలి మూడు వారాలకు మించి ఉండలేరు కాబట్టి ఇది ఆయనకు లెక్కలోది కాదు. రిటైరై ఆరునెలలు ఉండిపోదామనుకునేవాళ్లకు మాత్రం మొత్తం ప్లాన్ ఇక్కడే తేలిపోతుంది.

కొనేముందు అక్కడే అద్దెకుండి చూడమన్నాను, అదీ వానల్లో. ఫొటోలన్నీ ఎండాకాలంలో తీసినవే ఉంటాయి. నవంబర్‌లో ఇద్దరూ వెళ్లొచ్చారు. దారులు తాను అనుకున్న దానికంటే నిటారుగా ఉన్నాయని, కొన్నిచోట్ల సైకిల్ దిగి నడిచానని డాక్టరు గారే చెప్పారు. మేడమ్ చూసుకొచ్చినవి వేరు. పెద్ద ఆసుపత్రి కోయింబ్రాలో ఉంది, సాయంత్రం అయిదున్నర దాటితే చీకటి, రాతి ఇళ్ల లోపల గోడలు చెమ్మగా ఉంటాయి. ఇవి తెలుసుకోవడానికి అద్దె ఖర్చు ఎంతైనా దండగ కాదని నా అభిప్రాయం.

రెండు ఇళ్లు

డాక్టరు గారికి నచ్చింది కొండ మీది రాతి ఇల్లు. తారు రోడ్డు దిగాక మట్టి దారిలో కొంత దూరం పోవాలి, చుట్టూ యూకలిప్టస్, పైన్ చెట్లు, గుమ్మం ముందు నుంచే సైకిల్ దారి. ధర 38 వేల యూరోలు. మేడమ్‌కి నచ్చింది ఊరి చివర, తారు రోడ్డు మీద, పక్కన మనుషులున్న ఇల్లు. 90 వేలు. సైకిల్ దారులు పావుగంట దూరంలో ఉన్నాయి.

పోర్చుగీసు లాయరు రాతి ఇంటి కాగితాలు పంపినప్పుడు నా ఆఫీసు టేబుల్ మీద పక్కపక్కన పెట్టి చూశాం. ఒకటి అక్కడి పన్ను శాఖ ఇచ్చే ఇంటి వివరాల పత్రం, రెండోది అమ్మేవాళ్లు ఇచ్చిన ప్లాన్. నాకు పోర్చుగీసు రాదు, అంకెలు చదవడానికి భాష అక్కర్లేదు కదా. ముందు పట్టుకుంది మేడమ్. పన్ను పత్రంలో 62 చదరపు మీటర్లు, ప్లాన్‌లో 110. "సార్, ఆ వెనక గది, మెట్ల మీది గది పర్మిషన్ లేకుండా కట్టినవే అయ్యుంటాయి. మా కోల్డ్ స్టోరేజీలో ఒక్క షెడ్డు ప్లాన్‌లో లేదని ఎంత తిరిగామో మీకు తెలుసు కదా" అన్నారు. లాయరు కనుక్కుంటే సరిగ్గా అదే తేలింది. పైగా ఇంటి చుట్టూ ఉన్న స్థలం వ్యవసాయ భూమిగా వేరే నంబరు కింద నమోదై ఉంది. అలాంటి భూమి అమ్మేటప్పుడు, కొన్ని షరతులకు లోబడి, పక్క పొలంవాళ్లకు ముందుగా కొనే హక్కు ఉంటుంది. వాళ్లకు పద్ధతి ప్రకారం తెలియజేయకుండా అమ్మితే తర్వాత కోర్టుకెక్కవచ్చు. వారసులు ఫ్రాన్స్‌లో ఒకరు, బ్రెజిల్‌లో ఒకరు ఉండే పల్లెల్లో ఈ నోటీసులు ఇవ్వడమే పెద్ద పని.

అది ఎలాగోలా సర్దుకునేదేమో. నన్ను ఎక్కువ ఆపింది మంటలు. 2017 జూన్‌లో ఆ కొండలకు దక్షిణాన పెద్రోగావ్ గ్రాందే దగ్గర అడవి అంటుకుని అరవై మందికి పైగా చనిపోయారు, చాలామంది రోడ్డు మీద కార్లలోనే. ఆ తర్వాత చట్టం అమలు గట్టిపడింది. గ్రామీణ ప్రాంతంలో ఇల్లుంటే చుట్టూ 50 మీటర్ల మేర పొదలు, కొమ్మలు ఏటా ఎండలు ముదరకముందే శుభ్రం చేయించాలి, లేకపోతే జరిమానా. గుంటూరులో కూర్చుని పోర్చుగల్ కొండ మీద పొదలు కొట్టించడం, కొట్టారో లేదో ఫొటోల్లో చూడడం, మళ్లీ ఏడాది మళ్లీ అదే. మారుమూల ఇల్లు కొనేవాళ్లు ధర గురించి వంద ప్రశ్నలు అడుగుతారు, తాము లేని పదకొండు నెలలు ఆ ఇంటిని ఎవరు చూస్తారని అడగరు.

ఊరి చివరి ఇల్లు ఖాయమైంది. డాక్టరు గారు కాస్త ముఖం చిన్నబుచ్చుకున్నారు.

గుంటూరు స్థలం డబ్బు

కొనడానికి డబ్బు గోరంట్ల వైపు ఉన్న స్థలం అమ్మితే వచ్చింది. స్థలం డాక్టరు గారి పేరు మీదే ఉంది. అమ్మకముందే వాళ్లకు రెండు మాటలు చెప్పాను. ఒకటి, మన దగ్గర స్థలాల బేరంలో కాగితం మీద ఒక ధర, చేతికి ఇంకో ధర అనే అలవాటు ఉంది. కాగితం మీద లేని రూపాయి ఒక్కటీ దేశం దాటదు, కాబట్టి మొత్తం బ్యాంకు ద్వారానే తీసుకోండి. కొనేవాళ్లు రెండుసార్లు వెనక్కి వెళ్లారు, మూడోవాళ్లు ఒప్పుకున్నారు. రెండు, స్థలం అమ్మి ఇల్లు కొంటే క్యాపిటల్ గెయిన్స్, అంటే అమ్మకపు లాభం మీది పన్నులో మినహాయింపు వస్తుందని అందరికీ తెలుసు గానీ, ఆ ఇల్లు భారతదేశంలోనే ఉండాలని చట్టం మారి పదేళ్లు దాటింది. పోర్చుగల్ ఇంటికి ఆ మినహాయింపు రాదు. ఇక్కడే ఇద్దరూ కాసేపు ఆలోచనలో పడ్డారు. పన్ను కట్టి మిగిలింది పంపుదామనే చివరికి నిర్ణయించుకున్నారు.

ఈ మధ్యలో డాలస్‌లో ఉన్న మేనల్లుడు ఫోన్ చేశాడు. "మామయ్యా, ఇవన్నీ ఎందుకు, నేను ఇక్కడి నుంచి కట్టేస్తా, మీరు అక్కడ మా నాన్నగారికి రూపాయల్లో ఇచ్చేయండి" అన్నాడట. ప్రేమతోనే అన్నాడు. కానీ అది ఫెమా, అంటే విదేశీ మారక ద్రవ్య చట్టం ఉల్లంఘన. విదేశంలో ఆస్తి కోసం ఇక్కడ రూపాయల్లో చెల్లు పెట్టుకోవడం కుదరదు. ఆ ఒక్క మాటతో పూర్తిగా సక్రమంగా ఉన్న కేసు ఈడీ నోటీసు దాకా వెళ్లగలదు.

సక్రమమైన దారి ఎల్‌ఆర్‌ఎస్, అంటే ఇక్కడివాళ్లు విదేశాలకు డబ్బు పంపడానికి రిజర్వ్ బ్యాంకు పెట్టిన పథకం. ఒక్కో వ్యక్తి ఆర్థిక సంవత్సరానికి రెండున్నర లక్షల డాలర్ల వరకు పంపవచ్చు. దగ్గరి బంధువులు కలిసి కొంటే ఎవరి పరిమితి వాళ్లదే. అయితే డబ్బు సొంతదై ఉండాలి, దీనికి బ్యాంకులు అప్పివ్వకూడదు. పంపే బ్యాంకులో ఖాతా కనీసం ఏడాది పాతదైతే ప్రశ్నలు తగ్గుతాయి. బ్యాంకుకు ఇచ్చే ఫారం ఏ2లో పర్పస్ కోడ్, అంటే డబ్బు దేనికి పంపుతున్నామో చెప్పే నంబరు, రియల్ ఎస్టేట్‌దే రాయాలి. తేలికవుతుందని కుటుంబ ఖర్చుల కోడ్ రాయించే సలహాదారులు ఉన్నారు, వాళ్లను నమ్మవద్దు. పంపిన డబ్బు 180 రోజుల్లో వాడకపోతే వెనక్కి తేవాలి.

ఇంట్లో సగం తన పేరు మీద ఉండాల్సిందేనని మేడమ్ మొదటి రోజే చెప్పేశారు. ఆవిడ దగ్గర కోల్డ్ స్టోరేజీ నుంచి వచ్చిన సొంత పొదుపు ఉంది కాబట్టి ఇబ్బంది లేదు. భర్త ఇచ్చిన డబ్బుతో కొని ఉంటే ఆ సగం మీద వచ్చే అద్దె మళ్లీ భర్త ఆదాయంలో కలుస్తుంది. చెరి 50 వేల యూరోలు అనుకున్నాం.

ఇక టీసీఎస్, అంటే విదేశాలకు డబ్బు పంపేటప్పుడు బ్యాంకు ముందే పట్టుకునే పన్ను. అప్పటి లెక్క ప్రకారం ఏడాదిలో 7 లక్షలు దాటిన మొత్తం మీద 20 శాతం బ్యాంకు పట్టుకుంటుంది. 2025 ఫిబ్రవరి 1 బడ్జెట్‌లో ఆ పరిమితిని ఏప్రిల్ నుంచి 10 లక్షలకు పెంచారు. టీసీఎస్ అంటే ఖర్చు కాదు, మన పన్నుకు అడ్వాన్సు. రిటర్న్‌లో సర్దుబాటు అవుతుంది, మిగిలితే రీఫండ్ వస్తుంది. కానీ 20 శాతం అనే మాట వినగానే ఎవరికైనా టెన్షన్ మొదలవుతుంది, దాన్ని తగ్గించుకునే చిట్కాలు చుట్టాలు, స్నేహితులు అందరూ చెప్తారు.

డాక్టరు గారి వాటా ఫిబ్రవరి ఆఖర్లోనే పంపించేశాం. యూరో సుమారు 91 రూపాయలు, మొత్తం 45 లక్షల 50 వేలు, టీసీఎస్ 7 లక్షల 70 వేలు. అదే ఏడాది స్థలం మీద క్యాపిటల్ గెయిన్స్ పన్ను ఎలాగూ కట్టాలి కాబట్టి మార్చి 15 అడ్వాన్స్ ట్యాక్స్ వాయిదాలో ఈ మొత్తం తగ్గించి కట్టాం. బ్యాంకు పట్టుకున్న డబ్బు మూడు వారాల్లోపే పనికొచ్చింది. ఆస్తి అమ్మిన ఏడాదిలోనే డబ్బు పంపమని నేను అడిగినవాళ్లందరికీ చెప్పేది ఇందుకే.

మేడమ్ పరిస్థితి వేరు. పార్టనర్‌షిప్ లాభంలో వాటాకు ఆవిడ చేతిలో పన్ను లేదు, కట్టాల్సిన పన్ను కొంచెమే, కాబట్టి టీసీఎస్ అంతా రీఫండ్‌గా తిరిగి రావాల్సిందే. ఆవిడది కూడా మార్చి 31 లోపే పంపమన్నాను. "ఏప్రిల్‌లో 10 లక్షల లిమిట్ వస్తుంది, ఇప్పుడు 7 లక్షలు, అప్పుడు మిగతాది పంపితే టీసీఎస్ తగ్గుతుంది" అని ఆవిడ అన్నయ్య గట్టిగా చెప్పారు. కాగితం మీద ఆయన లెక్క తప్పు కాదు. మొత్తం మార్చిలో పంపితే టీసీఎస్ 7 లక్షల 80 వేలు, రెండుగా చేస్తే సుమారు 6 లక్షలు.

ఆయన లెక్కలో లేనివి రెండు. మార్చిలో పట్టుకున్న డబ్బుకు 2025లోనే రిటర్న్ వేసి రీఫండ్ అడగవచ్చు. ఏప్రిల్‌లో పట్టుకున్నది మరుసటి ఆర్థిక సంవత్సరానిది, దాని రిటర్న్ 2026లో. అంటే ఆరు లక్షలు ఏడాదికి పైగా ఇరుక్కుంటాయి, ఎనిమిది లక్షలయితే అయిదారు నెలలే. రెండోది రేటు. టీసీఎస్ తిరిగొస్తుంది, యూరో రేటులో పోయింది తిరిగి రాదు. ఈ రెండూ కాగితం మీద వేసి చూపించాను. ఎలాగూ రిజిస్ట్రేషన్ ఏప్రిల్ ఆఖర్లో కదా, చూద్దామని మేడమ్ అన్నయ్య మాటే తీసుకున్నారు. మార్చి ఆఖర్లో 7 లక్షలు, యూరో 92 దగ్గర. ఏప్రిల్‌లో అమెరికా సుంకాల గొడవతో డాలరు పడి యూరో లేచింది, ఆవిడ మిగతా 42 వేల 400 యూరోలు పంపేనాటికి రేటు 97 చుట్టూ ఉంది. యూరోకు అయిదు రూపాయల చొప్పున రెండు లక్షల పైన నికరంగా పోయాయి. రేటు అటు కాకుండా ఇటు కదిలి ఉంటే రెండు లక్షలు మిగిలేవి కూడా. రేటు ఎటు పోతుందో నేను చెప్పలేను. రీఫండ్ ఏ ఏడాది అడగవచ్చో మాత్రం చెప్పగలను, మార్చిలో పంపమనడానికి అదొక్కటే చాలు.

ఇంకో చిన్న విషయం. బ్యాంకు వేసే యూరో రేటు మీద బేరమాడవచ్చు. లక్ష యూరోల మీద ఒక్క రూపాయి తగ్గితే లక్ష రూపాయలు. ట్రెజరీవాళ్లతో మాట్లాడించమని బ్రాంచి మేనేజర్‌ను అడగాలి, వాళ్లంతట వాళ్లు తగ్గించరు.

రిజిస్ట్రేషన్, ఆ తర్వాత

ఇద్దరూ అటు వెళ్లకుండా లాయరుకు పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చారు. ఇక్కడ నోటరీ, దాని మీద బయటి దేశాల్లో చెల్లేలా విదేశాంగ శాఖ వేసే అపోస్టిల్ ముద్ర, పోర్చుగీసులోకి అనువాదం. ఇద్దరికీ అక్కడి పన్ను నంబరు తీసుకున్నారు. ఇంత చవక ఇంటికి కొనుగోలు పన్ను అప్పటి రేట్లలో ఒక్క శాతమే, స్టాంపు డ్యూటీ 0.8 శాతం. ఇక్కడి స్టాంపు డ్యూటీ కట్టినవాళ్లకు ఇది నమ్మశక్యం కాదు. రిజిస్ట్రేషన్ పెట్టుకున్న వారంలోనే, ఏప్రిల్ 28న, స్పెయిన్, పోర్చుగల్ మొత్తం కరెంటు పోయింది. లాయరు ఫోన్ ఆ రోజంతా పలకలేదు, డబ్బంతా ఆయన ఖాతాలో ఉంది. డాక్టరు గారు నాకు ఎన్నిసార్లు ఫోన్ చేశారో చెప్పను. రెండు రోజులు ఆలస్యంగా పని పూర్తయింది.

ఇంటి మీద ఏటా కట్టే స్థానిక పన్ను, పన్ను శాఖ కట్టిన విలువలో 0.3 నుంచి 0.45 శాతం మధ్య ఉంటుంది. దానికి తోడు ఇన్సూరెన్స్, నెలకోసారి తలుపులు తీసి గాలి ఆడించే పొరుగింటామెకు ఇచ్చేది. అద్దెకు ఇస్తే బాగుంటుందని డాక్టరు గారి ఆశ. టూరిస్టులకు ఇవ్వాలంటే మున్సిపాలిటీలో నమోదు కావాలి. ఆ అద్దె మీద అక్కడా పన్ను, ఇక్కడా రిటర్న్‌లో చూపించాలి, అక్కడ కట్టింది ఇక్కడ తగ్గించుకోవడానికి విడిగా ఒక ఫారం వేయాలి. అద్దెకు ఇవ్వకపోతే రెండు సొంత ఇళ్ల దాకా ఇక్కడ పన్ను లేదు, గుంటూరు ఇల్లు ఒకటి, ఇది రెండోది. వచ్చే అద్దెతో ఈ ఇల్లు ఎప్పటికీ లాభసాటి కాదని నేను ముందే చెప్పాను. ఇది సరదాకి పెట్టిన ఖర్చు, అలా అనుకుంటేనే కొనాలి.

రిటర్న్‌లో విదేశీ ఆస్తులు చూపించే షెడ్యూల్ ఎఫ్‌ఏ మరిచిపోకూడదు. అది క్యాలెండర్ సంవత్సరం లెక్కన నడుస్తుంది కాబట్టి ఏప్రిల్ 2025లో కొన్న ఈ ఇల్లు 2026లో వేసే రిటర్న్‌లో కనిపించాలి, ఇద్దరి రిటర్న్‌ల్లోనూ. ఆదాయం రాకపోయినా చూపించాల్సిందే. చూపించకపోతే నల్లధనం చట్టం కింద 10 లక్షల జరిమానా పడవచ్చు. 20 లక్షల లోపు విదేశీ ఆస్తులకు ఇచ్చిన సడలింపు ఇళ్లకూ స్థలాలకూ వర్తించదు.

వీలునామా సంగతి మేడమ్ అడిగారు. పోర్చుగల్‌లో వారసులకు కచ్చితంగా ఇంత వాటా వెళ్లాలనే నియమం ఉంది. అయితే యూరప్ వారసత్వ నిబంధనల ప్రకారం తమ ఆస్తికి తమ దేశపు చట్టమే వర్తించాలని వీలునామాలో రాసుకోవచ్చు. ఆ ఒక్క వాక్యం చేర్పించి ఇద్దరి వీలునామాలూ కొత్తగా రాయించాం.

2025 ఆగస్టులో లోజా కొండలు, ఆ పక్కన అర్గనిల్ వైపు అడవులు రోజుల తరబడి కాలాయి. వీళ్ల ఊరికి పొగ వచ్చింది, మంట రాలేదు. డాక్టరు గారు సైకిల్ తొక్కిన దారుల్లో కొన్ని నల్లగా మిగిలాయి, వాటిని మళ్లీ వేయడానికి అక్కడి కుర్రాళ్లు పూనుకున్నారట, ఈయనా కొంత డబ్బు పంపుతానంటున్నారు. అది విరాళం అవుతుంది, పర్పస్ కోడ్ వేరు, మళ్లీ ఎల్‌ఆర్‌ఎస్ లెక్కలోకే వస్తుంది. మేడమ్ టీసీఎస్ ఆరు లక్షలు ఇంకా డిపార్ట్‌మెంట్ దగ్గరే ఉన్నాయి.